చూపు వాలిన చోటే మనసు వాలుతుంది: ఎంచుకునే ముందు కళ్లను ఎలా వాడాలి?

ఫోన్‌లో రెండు బ్యాగుల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని ఏది కొనాలా అని చూస్తున్నారనుకుందాం. మనసు తేల్చుకుంటుంది, కళ్లు ఊరికే చూసిపెడతాయి అని మన నమ్మకం. అందులో సగమే నిజం. నచ్చినదాన్ని ఎక్కువసేపు చూస్తాం, సరే. కానీ ఎక్కువసేపు చూసింది కూడా ఇంకాస్త నచ్చడం మొదలవుతుంది. ఈ రెండో సగాన్ని అదుపులో పెట్టడానికి పెద్ద సాధన ఏమీ అక్కర్లేదు, కొన్ని అలవాట్లు చాలు.

1. ముందు మీ చూపు ఎంత ఇరుకో చూసుకోండి

చేయి బారుగా చాచి బొటనవేలు పైకెత్తండి. ఆ గోరు వెడల్పు ఎంతో, ఏ క్షణానికైనా మీకు స్ఫుటంగా కనిపించేది దాదాపు అంత మేరే. కంటి వెనక ఉండే రెటీనా పొర మధ్యలోని ఫోవియా అనే చిన్న గుంట చేసే పని అది. మిగతాదంతా మసకే. కళ్లు సెకనుకు మూడు నాలుగు సార్లు గెంతుతూ ఉంటాయి కాబట్టి ఆ మసక మనకు తెలియదు. నమ్మకం కుదరకపోతే ఈ వాక్యంలో ఒక అక్షరం మీద చూపు నిలిపి, కదపకుండా, తెర చివర ఉన్న మాట చదివి చూడండి.

అంటే "పేజీ అంతా చూశాను" అన్నప్పుడు నిజంగా చూసింది కొన్ని చుక్కలను. ఏ చుక్కలను అన్నదే అసలు సంగతి.

2. చూడకముందే ప్రశ్న రాసుకోండి

సోవియట్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ యార్బస్ కంటి కదలికల మీద చేసిన పని 1967లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. ఇల్యా రేపిన్ గీసిన ఒక చిత్రాన్ని ఆయన చూపించాడు. చాలాకాలం తర్వాత ఒక మనిషి ఉన్నట్టుండి ఇంట్లోకి అడుగుపెట్టిన దృశ్యం అది. వీళ్ల వయసులెంత అని అడిగితే చూపు ముఖాల చుట్టూ తిరిగింది. ఎంత డబ్బున్నవాళ్లు అని అడిగితే సామాన్ల మీదికి, బట్టల మీదికి పోయింది. బొమ్మ అదే, ప్రశ్న మారితే చూపు దారి మారింది.

అందుకే "ఏది బాగుంది?" అనేది పనికిరాని ప్రశ్న. ఆ ప్రశ్నతో చూస్తే రంగు ఎక్కువున్నది గెలుస్తుంది. "బరువెంత? జిప్పు ఎటువైపు? వాపసు తీసుకుంటారా?" అని మూడు మాటలు కాగితం మీద రాసుకున్నాకే ఫొటో తెరవండి.

3. రెండింటినీ సమంగా చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అని నా అభిప్రాయం. 2010లో ఇయాన్ క్రైబిచ్, ఆంటోనియో రాంగెల్ తదితర పరిశోధకులు, జనం రెండు వస్తువుల్లో ఒకటి ఎంచుకునేటప్పుడు వాళ్ల చూపును కొలిచారు. వాళ్ల గణిత నమూనా ప్రకారం, కళ్లు ఆని ఉన్న వస్తువు విలువ పూర్తిగా లెక్కకొస్తే, ఆ క్షణంలో చూడని వస్తువు విలువ 10 వంతుల్లో సుమారు 3 వంతులే లెక్కకొస్తుంది. చూపు పక్కకు తిరిగితే తూకమూ తిరుగుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. రాంగెల్ బృందమే 2008లో చేసిన ప్రయోగంలో ఒక వస్తువును 900 మిల్లీసెకన్లు, రెండోదాన్ని 300 మిల్లీసెకన్లు చూపించారు. నచ్చే వస్తువులైతే ఎక్కువసేపు కనిపించినదాన్నే ఎక్కువగా ఎంచుకున్నారు. నచ్చనివైతే దాన్నే ఎక్కువగా వదిలేశారు. అంటే తదేకంగా చూస్తే మంచి మరింత మంచిగా, చెడు మరింత చెడుగా తోస్తుంది.

చేయాల్సింది చెప్పడానికి తేలిక. ఒకదాన్ని మొత్తం చూసి రెండోదానికి వెళ్లకండి. దీని బరువు, దాని బరువు. దీని జిప్పు, దాని జిప్పు. అలా అడ్డంగా పోల్చుకుంటూ వెళ్లండి. ఒక చుట్టు అయ్యాక కుడిది ఎడమకు మార్చి, రెండో చుట్టు అటునుంచి మొదలుపెట్టండి. చేతిలో ఉన్న వస్తువైతే కాసేపు కింద పెట్టేయండి.

4. ఒక్కో చుట్టులో ఒక్కటే వెతకండి

ఒకసారి ప్రయాణానికి టికెట్ తీస్తూ కిటికీ సీటు కోసం తెర అంతా గాలించాను. సీటు దొరికింది. తేదీ మాత్రం మరుసటి నెలది! అది పైన పెద్ద అక్షరాల్లోనే ఉంది.

డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ 1999లో ప్రచురించిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. వీడియో చూస్తూ బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెడుతున్నవాళ్లలో దాదాపు సగం మంది మధ్యలో నడిచొచ్చిన గొరిల్లా వేషాన్ని గమనించనే లేదు. 2013లో ఊపిరితిత్తుల స్కానుల్లో గొరిల్లా బొమ్మ పెట్టి 24 మంది రేడియాలజిస్టులకు ఇస్తే 20 మందికి అది పట్టుబడలేదు. వాళ్లలో చాలామంది కళ్లు సరిగ్గా ఆ చోటే ఆగాయి కూడా. వాళ్లు వెతుకుతున్నది చిన్న గడ్డల కోసం మరి.

కాబట్టి ఫారమైనా టికెట్టైనా ఒప్పంద పత్రమైనా, ఒక చుట్టు తేదీలే చూడండి. ఇంకో చుట్టు పేర్లే, మరో చుట్టు అంకెలే. అన్నీ ఒకేసారి చూడటం కన్నా ఇది ఆలస్యం, నిజమే. తేదీ మార్చుకోవడానికి ఫోన్ పట్టుకుని కూర్చోవడం కన్నా తక్కువే.

5. బటన్ నొక్కేముందు చూపు తిప్పండి

షిన్సుకే షిమోజో బృందం 2003లో రెండేసి ముఖాలు చూపించి ఏది ఆకర్షణీయమో చెప్పమంది. జవాబివ్వడానికి కాస్త ముందు చూపు ఎంచుకోబోయే ముఖం వైపు అంతకంతకూ జారిపోయింది. మీకూ ఆ క్షణం తెలుస్తుంది, కళ్లు ఒకదానికే అతుక్కుపోతాయి. అప్పుడు గోడవైపు చూస్తూ, కాగితం మీద రాసుకున్న వాటిలోంచి ఒక కారణం పైకి చెప్పండి. నోటికొచ్చిన కారణం ఆ కాగితం మీద లేనిదైతే, వదిలేసినదాన్ని ఇంకోసారి చూసి రండి.

ఏ పెన్ను తీయాలి లాంటి వాటికి ఇదంతా చేస్తే పూట గడవదు. రెండూ నిజంగా సమానంగా ఉన్నప్పుడూ అంతే, చూపు ఎటు మొగ్గితే అదే తీసుకోండి.