ఎండ సరిపడని చర్మాన్ని ఆన్‌లైన్ డాక్టరుకి చూపించుకోవడం ఎలా

ఎండకి వచ్చే దద్దుతో ఉన్న చిక్కేమిటంటే, డాక్టరు దొరికే వేళకి అది ఉండదు. వీడియో కాల్‌లో చెయ్యి చాపితే మామూలు చెయ్యే కనిపిస్తుంది. కాబట్టి దద్దు ఉన్నప్పటి ఫొటోలు, ఎండ తగిలాక ఎంతసేపటికి వచ్చి ఎంతసేపు ఉందన్న లెక్క ముందే సిద్ధం చేసుకోవాలి. ఆ రెండూ ఉంటే కొద్ది నిమిషాల కాల్‌లోనే డాక్టరుకి దారి దొరుకుతుంది.

నేను కారు డ్రైవింగ్ నేర్పిస్తాను. పని వేళంతా కిటికీ పక్క సీటే. దద్దు వచ్చేదీ కిటికీ వైపు చేతిమీదే, అద్దం ఎత్తి ఉన్నా సరే. ఈ చిన్న సంగతి వినగానే డాక్టరు చేస్తున్న నోట్సు ఆపి మళ్ళీ అడిగారు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకాన్ని మామూలు అద్దం చాలావరకు ఆపుతుంది, యూవీఏ అనే రకాన్ని మాత్రం చాలావరకు వదిలేస్తుంది. కారు ముందు అద్దం పొరలున్నది కాబట్టి రెండింటినీ బాగా ఆపుతుంది, పక్క అద్దాలు అన్నీ అలా ఉండవు. అంటే నా విషయంలో యూవీఏ మీద అనుమానం. ఇలాంటివి మనకి పనికిమాలిన వివరాల్లా ఉంటాయి, అయినా చెప్పాలి.

ముందుగా, ఆన్‌లైన్ పనికిరాని సందర్భాలు. ఎండలోంచి వచ్చాక పెదాలు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా ఫోన్ పక్కన పెట్టి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. జ్వరంతో పాటు ఒళ్ళంతా బొబ్బలు, నోట్లో, కళ్ళలో పుండ్లు వచ్చినా అంతే.

ఇక ఫొటోలు. దద్దు కనిపించిన రోజే తియ్యండి. కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా. ఫోన్‌లో ముఖాన్ని నున్నగా చేసే ఫిల్టరు ఉంటే తీసెయ్యండి, లేకపోతే అది దద్దునే చెరిపేస్తుంది. దూరం నుంచి ఒకటి తీస్తే ఎక్కడెక్కడ ఉందో తెలుస్తుంది. దగ్గర నుంచి ఇంకొకటి తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. మన చామనఛాయ ఒంటిమీద ఎరుపు సరిగ్గా కనిపించదు, ముదురుగానో ఊదాగానో ఉంటుంది. అందుకే వెలుగు పక్కనుంచి పడేలా తీస్తే పొక్కుల ఎత్తు కనిపిస్తుంది. దద్దు లేని చోటు కూడా తియ్యాలి. గడ్డం కింద, చెవుల వెనక, పై రెప్పల మీద, చొక్కా కప్పిన చోట చర్మం బాగుండి, బయటికి కనిపించే చోట్లే దద్దు ఉంటే అది ఎండ పనే అనడానికి మంచి ఆధారం. అదే బట్టల కింద, చెమట పట్టే చోట అయితే చెమటకాయలు కావచ్చు.

కాలం లెక్క ఇంకా ముఖ్యం. ఎండలోకి వెళ్ళిన నిమిషాల్లోనే దద్దుర్లు లేచి, నీడలోకి వచ్చిన కొన్ని గంటల్లో ఆనవాలు లేకుండా పోతే డాక్టర్లు సోలార్ అర్టికేరియా వైపు ఆలోచిస్తారు. కొన్ని గంటలకో మర్నాటికో దురదతో పొక్కులు లేచి, కొన్ని రోజులుండి మచ్చ లేకుండా పోతే పాలీమార్ఫిక్ లైట్ ఎరప్షన్ వైపు. అన్నిటికంటే ఎక్కువమందికి ఉండేది ఇదే, నాకు తేలిందీ ఇదే. బయటికి పెద్దగా ఏమీ కనిపించకుండానే ఎండలో నిమిషాల్లో చేతులు మండుతున్నాయని పిల్లలు ఏడిస్తే గారాబం అనుకోకండి, రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారీలో లోపంతో వచ్చే పోర్ఫీరియా జాతి జబ్బుల్లో ఒకటి అలాగే మొదలవుతుంది. ఇదంతా డాక్టరు గుచ్చిగుచ్చి ఎందుకు అడుగుతారో అర్థం కావడానికి చెబుతున్నాను. పేరు పెట్టే పని ఆయనకే వదలండి.

మందుల చిట్టా రాసి పెట్టుకోండి, ఒక్కొక్కటీ ఎప్పుడు మొదలుపెట్టారో పక్కనే రాయండి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్, బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్, గుండె లయకి ఇచ్చే అమియోడరోన్, మొటిమలకి రెటినాయిడ్ మందులు, ఇవన్నీ చర్మానికి ఎండ సరిపడకుండా చెయ్యగలవు. నొప్పికి రాసుకునే కీటోప్రోఫెన్ జెల్ మానేశాక కూడా రెండు వారాలు ఆ చోట ఎండ తగలనివ్వకూడదు. మూలికల మాత్రలు, సెంట్లు, చివరికి సన్‌స్క్రీన్ కూడా చిట్టాలో ఉండాల్సిందే. అనుమానం వచ్చిందని బీపీ, గుండె మందులు సొంతంగా ఆపకండి. రాసిన డాక్టరునే అడగండి.

డాక్టరుని ఎంచుకునేటప్పుడు చర్మవైద్యులేనా, రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని చూసి, ఆ నంబరుని వైద్య మండలి జాబితాతో సరిపోల్చుకోండి. ఒక్క ప్రశ్నా అడగకుండా క్రీము రాసిచ్చే చోట నేను ఆగను.

మంచి డాక్టరు చర్మం దాటి అడుగుతారు. కీళ్ళు నొప్పులా, నోట్లో పుండ్లా, జుట్టు ఊడుతోందా, ముక్కు మీదుగా రెండు చెంపలకీ దద్దు పాకిందా? ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిమీద దాడి చేసే లూపస్ అనే జబ్బు ఉందేమోనని చూడటానికి అవి. ఏఎన్ఏ అనే రక్తపరీక్ష, మూత్రపరీక్ష రాయవచ్చు. ఏ కిరణం సరిపడటం లేదో తేల్చే ఫొటోటెస్ట్ మాత్రం ఆసుపత్రిలోనే చెయ్యాలి. 'ఇది వీడియోలో తేలదు, నేరుగా రండి' అన్న డాక్టరు మీద నాకు నమ్మకం పెరిగింది.

చికిత్స దగ్గరికి వస్తే, దద్దుకి సాధారణంగా కొద్దిరోజుల స్టెరాయిడ్ క్రీము, దురదకి యాంటీహిస్టమిన్ మాత్ర. క్రీము పేరుతో సరిపెట్టుకోకుండా ఎంత, ఎక్కడ, ఎన్నాళ్ళు అని అడిగి రాయించుకోండి. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండినంత క్రీము వేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. చేతికి ఇచ్చినది ముఖానికి రాయకండి. గట్టి స్టెరాయిడ్ ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఆపితే మంట ఎగదన్నుతుంది. లూపస్‌కీ, కొన్ని ఎండ దద్దులకీ ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు రాస్తే, అవి కంటిని దెబ్బతీసే వీలుంది కాబట్టి కంటి పరీక్ష సంగతి కూడా అడగండి.

సన్‌స్క్రీన్ డబ్బా మీది ఎస్పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీబీ గురించే. నాలాంటి వాళ్ళకి యూవీఏని కూడా ఆపేది కావాలి, ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా. ముఖానికి, మెడకి కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండినంత రాసుకోవాలి, బయటుంటే రెండు గంటలకోసారి మళ్ళీ. మనలో చాలామంది రాసుకునేది అందులో సగం కూడా ఉండదు. అన్నిటికంటే నన్ను ఎక్కువ కాపాడుతున్నది మాత్రం దట్టంగా నేసిన పొడుగు చేతుల చొక్కా. ఎండకి పూర్తిగా దూరమైతే విటమిన్ డి తగ్గవచ్చు, ఆ పరీక్ష గురించి కూడా అడగండి.

రెండో కాల్‌కి పాత ఫొటోలు, కొత్త ఫొటోలు తేదీలతో పంపండి. ఏటా ఎండలు ముదరగానే ఇదే తంతు అయితే, ఎండాకాలానికి బాగా ముందే ఒక కాల్ పెట్టుకోండి. చర్మాన్ని కొద్దికొద్దిగా వెలుగుకి అలవాటు చేసే ఫొటోథెరపీ అని ఒకటుంది. ఆసుపత్రిలో వారానికి రెండు మూడు సార్లు, కొన్ని వారాల పాటు చేస్తారు. ఎండలు మొదలయ్యాక అడిగితే ఆ ఏటికి ఆలస్యమే.