విత్తనపు దున్నపోతు ధరను జన్యు సమాచారంతో లెక్కగట్టడం ఎలా?

ముర్రా జాతి విత్తనపు దున్నపోతును బేరమాడేటప్పుడు అమ్మేవారు సాధారణంగా చుట్టు తిరిగిన కొమ్ములను, నిగనిగలాడే ఒంటిని, తల్లి గేదెను పితుకుతున్న వీడియోను చూపిస్తారు. అయితే మామూలు పోతు ధరపై మనం అదనంగా పెట్టే సొమ్మంతా ఇంకా పుట్టని పడ్డలు ఇవ్వబోయే పాల కోసమే కాబట్టి, ఆ అదనానికి ముందే ఒక హద్దు కట్టుకోవడం మేలు. ఆ హద్దును కాగితం మీద ఇలా తేల్చుకోవచ్చు.

1. గుర్తింపును సరిచూడండి. చెవికి వేసిన 12 అంకెల ట్యాగు నంబరును పశువైద్యుని సహాయంతో పశువుల ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదైన భారత్ పశుధన్ రికార్డులో చూడాలి. పాల రికార్డు ఉన్న గేదే ఈ పోతుకు తల్లి అని తేలకపోతే తర్వాతి లెక్కకు అర్థం లేదు. ధర పెద్దదైతే తల్లికీ బిడ్డకూ డీఎన్ఏ పరీక్ష చేయించమని అడగడంలో తప్పు లేదు.

2. తల్లి పాలను మందతో పోల్చండి. "పూటకు పది లీటర్లు" అన్నది ఈనిన కొత్తలో, పాలు బాగా దిగే రోజుల్లోని మాట. మనకు కావలసింది ఒక ఈతలో, అంటే ఈనినప్పటి నుంచి 305 రోజుల్లో, ఇచ్చిన మొత్తం పాలు, దానితోపాటు అదే కొట్టంలో అదే ఏడాది ఈనిన గేదెల సగటు. దాణా ధారాళంగా పెట్టే చోట అన్ని గేదెలూ ఎక్కువే ఇస్తాయి. ఆ ఎక్కువ దాణా వల్ల వచ్చినదే గాని, పోతు తన కూతుళ్లకు పంచిపెట్టగలిగేది కాదు.

3. తేడాను కూతురి దాకా దించండి. తల్లి ఈతకు 3,000 లీటర్లు ఇచ్చిందని, మంద సగటు 2,000 అని అనుకుందాం. పాల దిగుబడిలో వంశపారంపర్యంగా వచ్చే భాగాన్ని సుమారు 25 శాతంగా తీసుకుంటే, 1,000 లీటర్ల తేడాలో తల్లి జన్యువులకు చెందేది 250 లీటర్లు. అందులో సగం, అంటే 125, పోతుకు వస్తుంది. మళ్లీ అందులో సగం, అంటే 62.5 లీటర్లు, దాని కూతురికి చేరుతుంది. వీడియోలోని బకెట్టు నిండుదనం కూతురి దగ్గరికి వచ్చేసరికి మిగిలేది ఇంతే. పోతు తండ్రి సంతాన పరీక్షలో (కూతుళ్ల పాల రికార్డులను బట్టి పోతు విలువ తేల్చే పరీక్షలో) నెగ్గినదైతే దాని వాటానూ ఇలాగే కలుపుకోవాలి.

4. అంచనా ఎంత గట్టిదో చూడండి. పూర్తి ఖచ్చితత్వాన్ని 1 అనుకుంటే, తల్లి ఒక్క ఈత రికార్డును బట్టి కొడుకు గురించి చెప్పే అంచనా ఖచ్చితత్వం 0.25 మాత్రమే. అదే పోతుకు పుట్టిన 15 మంది కూతుళ్ల ఈత రికార్డులుంటే 0.7కు, 45 మందివి ఉంటే 0.87కు చేరుతుంది. పడ్డలు ఈనేదాకా ఆగకుండా దూడ వయసులోనే డీఎన్ఏను చదివి అంచనా కట్టడానికి జన్యు చిప్‌లు వచ్చాయి. అమెరికాలో హోల్‌స్టీన్ జాతి పాడి పశువులకు 2009 నుంచే జన్యు అంచనాలను అధికారికంగా ప్రకటిస్తున్నారు. మన దేశంలో గేదెల కోసం మహిష్ చిప్‌ను 2024 అక్టోబరులో విడుదల చేశారు. చిప్ ఫలితం బలం ఆ జాతిలో పాల రికార్డులున్న పశువులు ఎన్ని ఉన్నాయన్న దానిపై ఆధారపడుతుంది. ఖచ్చితత్వం తక్కువగా ఉన్న పోతుకు హద్దు దాకా వెళ్లకూడదు.

5. కూతుళ్ల సంఖ్యతో హెచ్చించండి. పది గేదెల కొట్టంలో మూడేళ్లు వాడితే, ఆలస్యపు ఈతలూ మగ దూడలూ మరణాలూ పోను పది పడ్డలు పాలకొస్తే మంచి ఫలితమే. మూడేళ్లు దాటితే అదే పోతును సొంత కూతుళ్లకే కట్టించాల్సి వస్తుంది. పది పడ్డలు మూడేసి ఈతల్లో ఇచ్చే అదనపు పాలు 1,875 లీటర్లు. ఖర్చులు పోను లీటరుకు 20 రూపాయలు మిగిలితే 37,500 రూపాయలు. ఈ సొమ్ము సగటున ఏడేళ్ల తర్వాత వస్తుంది కాబట్టి, 8 శాతం వడ్డీతో వెనక్కి లెక్కిస్తే నేటి విలువ 22 వేల దగ్గర నిలుస్తుంది. మామూలు పోతు ధరపై మీ హద్దు ఇదే. పొరుగువారి గేదెల్లో పుట్టే పడ్డల పాలు వారివి, మీకు దక్కేది దాటింపు రుసుము మాత్రమే.

సంతానం ఎంత పెరిగితే ధర అంత ఎగబాకుతుంది. మన ఒంగోలు పశువుల సంతతి అయిన బ్రెజిల్ నెలోర్ జాతిలో వియాటినా-19 అనే ఆవు మూడో వంతు వాటా 2023 వేలంలో సుమారు 70 లక్షల బ్రెజిల్ రియాల్‌లు పలికింది. దాని అండాలతో ల్యాబులో పిండాలను తయారుచేసి ఎన్నో ఆవుల్లో పెంచగలగడమే అంత ధరకు ముఖ్య కారణం. మన ప్రదర్శనల్లో దున్నపోతులకు వినిపించే కోట్ల రూపాయలు చాలావరకు అడిగిన ధరలే, అమ్ముడైనవి కావు.

6. వీర్యంతో పోల్చండి. సంతాన పరీక్ష పూర్తయిన పోతు వీర్యం స్ట్రాలుగా (సన్నని గొట్టాల్లో గడ్డకట్టించి) దొరికే ఊళ్లో, పది గేదెలున్న రైతు పోతును మేపడం నా ఉద్దేశంలో దండగ. ఎద గుర్తించడం కష్టమైన చోట, సమయానికి గోపాలమిత్ర (ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్త) రాని చోట మాత్రమే పోతుకు విలువ ఉంది.

7. పరీక్షల తర్వాతే డబ్బు ఇవ్వండి. గర్భస్రావాలు కలిగించే బ్రూసెల్లా రోగం, క్షయ పరీక్షల నివేదికలు, వీర్య నాణ్యత నివేదిక చూడాలి. ట్యాగు నంబరు, తల్లి ఈత లెక్క, అమ్మేవారి సంతకం ఉన్న కాగితం రాయించుకుని, కట్టించిన తొలి గేదెలు చూడి నిలిచాయని డాక్టరు చెప్పాకే మిగతా సొమ్ము ఇచ్చేలా ఒప్పుకోవాలి.