మిద్దె మీద తాయ్‌చీ: వీడియో చూసి నేర్చుకునేవాళ్ళకు

తిరుపతిలో యోగా నేర్పేవాళ్ళు ఏ పేటలో అడిగినా దొరుకుతారు. తాయ్‌చీ, అంటే నింపాదిగా ఒక వరసలో సాగే చైనా కసరత్తు అనేసరికి చాలామందికి యూట్యూబే దిక్కు. వాడుకునే తీరు తెలిస్తే అదేమంత చెడ్డ దారి కాదు. కానీ వీడియో పెట్టేసి, దాంతోపాటే చేతులు ఊపుతూ పోతే ఆరు నెలలైనా వరస ఒంటికి పట్టదు. ఫోను పక్కన పెట్టిన రోజు నాలుగో అడుగు దగ్గరే ఆగిపోతారు. పైగా మెడ ఎప్పుడూ ఫోను వైపే లాగుతుంటుంది. తాయ్‌చీలో చూపు ముందున్న చేతి వెంట పోవాలి. ఒళ్ళు తిరిగేకొద్దీ ఫోను వీపు వెనక్కి పోతుంది కూడా. అందుకని కూర్చుని చూడండి, ఫోను బోర్లించి చేయండి. ఇరవై సెకన్ల ముక్క చూడటం, ఐదుసార్లు చేయడం, మళ్ళీ అదే ముక్క చూడటం. చేసి చూసి వచ్చాక రెండోసారి చూస్తే, మొదట కంటికి ఆననివి అప్పుడు కనపడతాయి.

మొదలుపెట్టడానికి యాంగ్ శైలిలోని 24 కదలికల వరస మంచిది. పాత యాంగ్ వరస చాలా పొడవు. దాన్ని కుదించి 1956లో చైనా ప్రభుత్వ క్రీడా కమిషన్ దీన్ని తయారుచేయించింది. మామూలు వేగంతో అయిదారు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో ముగిసిపోయే వీడియో అయితే స్పీడు పెంచిందో, సగం కోసిందో అయ్యుంటుంది, వదిలేయండి. చెన్ శైలి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ అందులో కాలు దబ్బున వేయడాలు, ఉన్నట్టుండి గుద్దు విసరడాలు, బాగా కిందికి దిగడాలు ఉంటాయి. నడివయసు మోకాళ్ళకు అది తొలి పాఠం కాదు. మోకాళ్ళు ఇప్పటికే సతాయిస్తుంటే సున్ శైలి వెతుక్కోండి. అందులో ఎత్తుగానే నిలబడి చిన్న అడుగులు వేస్తారు. మోకాలి కీళ్ళ అరుగుదలకు తాయ్‌చీని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ అనే కీళ్ళ వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో గట్టిగానే సిఫారసు చేసింది. అయినా మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, తల తిరిగే బాధ ఉన్నవాళ్ళు తమ డాక్టరును అడిగాకే దిగాలి.

వీడియో ఎంచుకునేటప్పుడు మాస్టరు ముఖం కాదు, పాదాలు చూడండి. పాదాలు తెర బయటికి పోయే వీడియో ఎంత పేరున్నవాళ్ళదైనా పనికిరాదు. మాస్టరు వీపు మన వైపు ఉండేలా తీసినది ఉత్తమం. ఆయన ఎడమే మన ఎడమ. ఎదురుగా నిలబడి చేస్తుంటే ఒక చిన్న పరీక్ష ఉంది. 24 వరసలో అందరికంటే ముందు కదిలేది ఎడమ కాలు. ఎదురుగా ఉన్న మాస్టరు తెరకు కుడి వైపున్న కాలు కదిపితే వీడియో మామూలుది. తెరకు ఎడమ వైపున్నది కదిపితే అద్దంలోలా తిప్పినది, అంటే చూసినట్టే చేసేయొచ్చు. ఒక్కరినే పట్టుకోండి. చేయి ఎంత ఎత్తుకు రావాలి, వెనక పాదం ఎంత తిరగాలి అన్నది మాస్టరు మాస్టరుకూ కొంచెం మారుతుంది. ఇద్దరిని కలిపితే రెండూ చెడతాయి. స్పీడు 0.75 దగ్గర పెట్టుకోండి; మరీ 0.5కు తగ్గిస్తే బరువు ఎప్పుడు మారిందో తెలియకుండా పోతుంది.

చోటు సంగతి. ఈ వరస మొదట్లో ఆరు అంగలు ఒకే వైపు ముందుకు సాగుతుంది, తర్వాతే వెనక్కి వస్తుంది. దానికి సుమారు పదిహేను అడుగుల నిడివి కావాలి. కుడి చివర నిలబడి మొదలుపెడితే సరిపోతుంది. ఆనవాయితీ ప్రకారం దక్షిణం వైపు తిరిగి మొదలుపెడతారు. తిరుపతి మిద్దె మీద దక్షిణానికి తిరగడమంటే కొండకు వీపు పెట్టడమే. మనసొప్పకపోతే కొండ వైపే తిరగండి, వరసకు వచ్చే నష్టమేమీ లేదు. రోజూ ఒకే వైపు నిలబడటం మాత్రం ముఖ్యం. ‘ఎడమకు, కుడికి’ అని కాకుండా ‘ట్యాంకు వైపు, మెట్ల వైపు’ అని గుర్తు పెట్టుకుంటే ఒళ్ళు తిరిగాక తికమకపడరు.

మిద్దెకు నీళ్ళ గొట్టం వైపు వాలు ఉంటుంది. ఒంటికాలి మీద నిలిచే కదలికల్లో ఆ వాలు తెలిసిపోతుంది, కాబట్టి కాస్త చదునున్న చోటు చూసుకోండి. ఇంట్లో కడప బండల మీద చేయొచ్చు గానీ మేజోళ్ళతో వద్దు. యోగా చాప అసలే వద్దు. పాదం తిప్పాల్సిన చోట రబ్బరు పట్టేస్తుంది, ఆ మెలిక పోయి మోకాలికి తగులుతుంది. మడమ మందంగా ఉండే రన్నింగ్ బూట్లకంటే పలుచటి అడుగున్న కాన్వాస్ బూట్లు నయం. లుంగీ అడుగుకు అడ్డం పడుతుంది.

మొదటి రెండు వారాలు వరస జోలికి పోకండి. భుజాలంత ఎడంగా పాదాలు పెట్టి, మోకాళ్ళు బిగబట్టకుండా సడలించి, నడినెత్తిని ఎవరో దారంతో పైకి పట్టినట్టు రెండు నిమిషాలు నిలబడండి. రోజుకింత పెంచుతూ ఐదు నిమిషాలకు తీసుకురండి. తర్వాత బరువు మార్చడం: ఒళ్ళంతా ఒక కాలి మీదికి నింపాదిగా తెచ్చి, రెండో కాలు ఎత్తాలి. పక్కకు పదేసి సార్లు. కాలు ఎత్తేటప్పుడు ఒళ్ళు ఏమాత్రం కుదిపినా బరువు పూర్తిగా మారలేదని అర్థం.

ఇక అడుగు. చేతులు నడుము మీద పెట్టుకుని దీన్నొక్కదాన్నే వారం రోజులు చేసినా తప్పులేదు. బరువంతా కుడి కాలి మీద ఉంచి, ఎడమ మడమను ముందు తాకించండి. అక్కడ ఆగండి. ఆ కాలిని మళ్ళీ ఎత్తగలరా? ఎత్తగలిగితే అడుగు సరిగ్గా పడింది. ఎత్తలేకపోతే ముందుకు పడిపోయారన్నమాట, అడుగు తగ్గించండి. మడమ తాకాక పాదం నేలకు ఆనించి, నడుమును ముందుకు తెస్తూ మోకాలు వంచాలి. బరువు సుమారు 70 పాళ్ళు ముందు, 30 వెనక. మోకాలు కాలి వేళ్ళను దాటకూడదు, లోపలికి వాలకూడదు. రెండు పాదాలూ ఒకే గీత మీద పడితే తూలిపోతారు. మధ్యలో అడ్డంగా జానెడు ఎడం ఉండాలి, రైలు పట్టాల మీద చెరో కాలు వేసినట్టు.

రెండో అడుగుకు ముందు అసలు కిటుకు ఉంది. ముందు పాదాన్ని 45 డిగ్రీలు బయటికి తిప్పాలి. చాలామంది బరువు దాని మీదే ఉంచి తిప్పేస్తారు. పాదం నేలకు అతుక్కునే ఉంటుంది, తిరిగేది మోకాలు. నెల తిరక్కుండానే లోపలి వైపు నొప్పి మొదలవుతుంది. ముందు వెనక్కి కూర్చున్నట్టు బరువు వెనక కాలి మీదికి తేవాలి, ముందు పాదం వేళ్ళు పైకి లేవాలి, నడుముతో పాటు మడమ మీద పాదం తిరగాలి, ఆ తర్వాతే బరువు మళ్ళీ ముందుకు. వీడియోలో ఇది ఒక సెకనులో అయిపోతుంది, చేతుల విన్యాసం చూస్తూ కళ్ళు దీన్ని జారవిడుస్తాయి. అక్కడ ఆపి, వెనక్కి లాగి, పాదాన్నొక్కదాన్నే చూడండి.

కాళ్ళు వచ్చాకే చేతులు. మొదటి కదలికలో చేతులు భుజాల ఎత్తుకు లేస్తాయి, మోకాళ్ళు వంగుతుంటే పొట్ట దగ్గరికి దిగుతాయి. చేతులతోపాటు భుజాలు కూడా చెవుల దాకా లేవడం ఇక్కడి తప్పు. దిగేటప్పుడు పిరుదులు వెనక్కి తన్నుకురావడం ఇంకొకటి. రెండోది ‘అడవి గుర్రం జూలు విడదీయడం’. కుడి పక్కన పెద్ద బంతిని పట్టుకున్నట్టు కుడి చేయి పైన, ఎడమ చేయి కింద. ఎడమ కాలు పక్కకు పోయి, బరువు అందులోకి వస్తుంటే ఎడమ చేయి కళ్ళ ఎత్తుకు వస్తుంది, కుడి చేయి తుంటి పక్కకు దిగుతుంది. చేతులు ముందే విడిపోయి కాలు తర్వాత చేరితే అది చేతుల డాన్సు అవుతుంది. ముందు నడుము కదలాలి, చేతులు దాని వెంట రావాలి. ఊపిరిని మొదటి మూడు నెలలు పట్టించుకోకండి, దాని పాటికి అది సర్దుకుంటుంది.

రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి రెండు కదలికలు. లెక్కకు మూడు నెలలే గానీ, వెనక్కి నడిచే ‘కోతిని వెనక్కి నెట్టడం’ దగ్గర, మడమతో తన్నే 13, 15 కదలికల దగ్గర ఎక్కువ రోజులు ఆగాల్సి వస్తుంది. 16, 17ల్లో పాములా కిందికి పాకేది వీడియోలో చూపించినంత కిందికి దిగనక్కర్లేదు. అరచేయి ఎత్తు దిగినా కదలిక కదలికే.

వారానికోసారి ఫోనును నడుమెత్తులో పిట్టగోడ మీద ఆనించి, పక్క నుంచి మిమ్మల్ని మీరు తీసుకోండి. వెనక కెమెరాతోనే తీయండి. ముందు కెమెరాతో కుడి ఎడమలు తారుమారు కావచ్చు. ముందు మోకాలు ఎక్కడుంది, నడుము వంగిందా, భుజాలు లేచాయా, ఈ మూడే చూడండి.

అలిపిరి మెట్లు దిగిన మర్నాడు తొడలు పీకినట్టు పీకితే భయపడకండి, తొడలు పని చేస్తున్నాయి. మోకాలిలో పోటు వస్తే మాత్రం ఆపేయాలి. పాదం తిప్పే తీరు చూసుకుని, ఎత్తుగా నిలబడి, అడుగు చిన్నది చేసుకోవాలి.

సంగటి తిని వెంటనే కాదు, గంటన్నరైనా ఆగండి. ఏప్రిల్, మేల్లో మిద్దె మీద ఏడింటికే ఎండ ముదురుతుంది, ఐదున్నరకే మొదలుపెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానలకు మిద్దె పాచిపడుతుంది. ఆ రోజుల్లో హాల్లోనే ‘మబ్బుల్లా చేతులు’ అనే కదలికను ఎడమకు మూడడుగులు, కుడికి మూడడుగులు వేసుకోవచ్చు. మొత్తం వరసే చేయాలనుకుంటే, సోఫా అడ్డమొచ్చిన చోట ఆగకుండా, చేతులు కదులుతుండగానే బరువున్న కాలు కదపకుండా రెండో కాలు ఒకడుగు వెనక్కి తీసుకుని అక్కణ్ణించి సాగండి.