సి డ్రైవ్ నిండిపోతోందా? డాక్యుమెంట్లు, ఫొటోలు డి డ్రైవ్‌కి మార్చడం ఎలా?

విండోస్ 10, 11లో డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లన్నీ సి డ్రైవ్‌లోనే, యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద ఉంటాయి. విండోస్ కూడా ఆ డ్రైవ్‌లోనే ఉంటుంది కాబట్టి ఫొటోలు పెరిగే కొద్దీ అప్‌డేట్లకు చోటు చాలదు. చాలామంది ఫోల్డర్‌ను కట్ చేసి డి డ్రైవ్‌లో పేస్ట్ చేస్తుంటారు. అంతకన్నా ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఉండే లొకేషన్ ట్యాబ్ దారి నమ్మకమైనది. ఫైళ్లు కదలడమే కాదు, కొత్త చిరునామా విండోస్‌కూ అందుతుంది. ఆపైన వర్డ్‌లో సేవ్ నొక్కినా, బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ చేసినా ఫైలు మామూలుగా నేరుగా డి డ్రైవ్‌కే వెళ్తుంది.

ముందు వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీస్) సంగతి తేల్చుకోండి. అందులో బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఇప్పటికే వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి వెళ్లిపోయి ఉంటాయి. ఆ బ్యాకప్‌ను ఆపకుండా ఫోల్డర్ల చోటు మారిస్తే రెండూ పోట్లాడుకుంటాయి. టాస్క్‌బార్‌లో మేఘం గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లో మేనేజ్ బ్యాకప్ తెరిచి ఆ మూడింటినీ ఆఫ్ చేయండి. డాక్యుమెంట్స్ ఖాళీగా కనిపిస్తే గాభరా పడొద్దు. ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి, అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు.

ఇక అసలు పని.

1. మార్చాల్సిన ఫోల్డర్లను ఎంచుకుని ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే మొత్తం సైజు తెలుస్తుంది. డి డ్రైవ్‌లో అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి.

2. డి డ్రైవ్‌లో 'నా డేటా' అని ఒక ఫోల్డర్ పెట్టి, దాని లోపల డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్ అని విడివిడిగా ఫోల్డర్లు చేయండి.

3. వర్డ్, ఎక్సెల్, ముఖ్యంగా ఔట్‌లుక్ మూసేయండి. ఔట్‌లుక్ మెయిల్ ఫైలు చాలాసార్లు డాక్యుమెంట్స్‌లోనే ఉంటుంది, తెరిచి ఉన్న ఫైలు కదలదు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టండి.

4. డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో లొకేషన్ ట్యాబ్, తర్వాత మూవ్ నొక్కండి. కొత్త డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను చూపించి అప్లై చేయండి. పాత ఫైళ్లు కూడా తరలించమంటారా అని అడిగితే యెస్ అనండి.

5. ఒకటి పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టండి.

ఎక్కువమంది దెబ్బ తినేది నాలుగో మెట్టులో. కొత్త ఫోల్డర్‌ను చూపించకుండా ఉత్త డి డ్రైవ్‌నే చూపిస్తారు. అప్పుడు డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ ఫోల్డర్‌గా మారిపోతుంది. రెండు ఫోల్డర్లకు ఒకే చోటు ఇచ్చినా ఇలాంటి చిక్కే, వెనక్కి మార్చబోతే ఎర్రర్ వస్తుంది. బయటపడాలంటే లొకేషన్ ట్యాబ్‌లో రీస్టోర్ డిఫాల్ట్ నొక్కండి. ఫైళ్లు తరలించాలా అన్న ప్రశ్నకు ఈసారి నో అనాలి. యెస్ అంటే డి డ్రైవ్‌లోని సరుకంతా సి లోకి వచ్చి పడుతుంది. దానికీ లొంగకపోతే రెజిస్ట్రీ ఎడిటర్‌లో (విండోస్ లోపలి సెట్టింగ్‌లు మార్చే టూల్) యూజర్ షెల్ ఫోల్డర్స్ దగ్గర 'పర్సనల్' అన్న పేరుతో ఉన్న దారిని సరిచేయాలి. డాక్యుమెంట్స్‌కు అక్కడ ఉన్న పేరు అదే.

యాప్‌డేటా ఫోల్డర్‌ను మాత్రం ముట్టుకోవద్దు. ప్రోగ్రాములు తమ సెట్టింగ్‌లు దాచుకునేది అందులోనే. యూజర్స్ ఫోల్డర్ మొత్తాన్ని తరలించే చిట్కాలు కూడా వద్దు, తర్వాత విండోస్ అప్‌గ్రేడ్ మొరాయిస్తుంది. డి పాత హార్డ్ డిస్క్, సి ఎస్ఎస్‌డీ అయితే డెస్క్‌టాప్‌ను సి లోనే ఉంచండి. లేదంటే లాగిన్ అయ్యాక ఐకాన్లు నింపాదిగా వస్తాయి. యూఎస్‌బీ డ్రైవ్‌కి మార్చడం అసలు మంచిది కాదు. డ్రైవ్ పీకినా, దాని అక్షరం మారినా లొకేషన్ అందుబాటులో లేదన్న మెసేజ్ వస్తుంది. డి డ్రైవ్‌కి బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే ఆటో అన్‌లాక్ ఆన్ చేయండి, లేకపోతే అదే మెసేజ్.

రేపు విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే సి ఒక్కటే ఫార్మాట్ చేస్తే చాలు, డి లోని ఫైళ్లు అలాగే ఉంటాయి. కొత్త విండోస్‌లో పర్మిషన్ లేదని అడ్డుపడితే కంటిన్యూ నొక్కి, లొకేషన్ ట్యాబ్‌లో మళ్లీ అదే ఫోల్డర్‌ను చూపించండి. అయితే సి, డి ఒకే డిస్క్‌లోని రెండు భాగాలైతే దీన్ని బ్యాకప్ అనుకోకండి. డిస్క్ పోతే రెండూ పోతాయి.