బ్యారెల్ మీది తేదీని నమ్మకండి: పాత రివాల్వర్ వయసు తేల్చే పద్ధతి

మా ఇంట్లో రివాల్వర్ వయసు మీద నలభై ఏళ్లు వాదన నడిచింది. నాన్న లెక్కలో అది 1914 డిసెంబర్ 29న పుట్టింది. బ్యారెల్ మీద అలాగే చెక్కి ఉంది మరి. మొదటి యుద్ధంలో తాతయ్య వార్ ఫండ్‌కి చందా ఇచ్చారనీ, కలెక్టరు దొర మెచ్చుకుని సొంత రివాల్వర్ తీసి చేతిలో పెట్టాడనీ కథ. రామచంద్రపురంలో మా రైస్‌మిల్లు అరుగు మీద కూర్చుని ఈ కథ వినకుండా వెళ్లిన చుట్టం లేడు.

నాన్న పోయాక అది నా పేరుకి వచ్చింది. ముప్ఫై మూడేళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని. కాగితం చూడకుండా ఏదీ నమ్మను. కాబట్టి వయసు తేల్చే పని నేనే పెట్టుకున్నాను. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే ఈ వరసలో వెళ్లండి.

ముందు లైసెన్స్ సంగతి. లైసెన్స్ ఉన్న మనిషి పోతే ఆ లైసెన్స్ ఆయనతోనే పోతుంది. ఆ తరవాత రివాల్వర్ మీ బీరువాలో ఉంటే మీ దగ్గర లైసెన్స్ లేని ఆయుధం ఉన్నట్టే. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్స్ ఉన్న గన్ డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. తరవాత వారసులుగా లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 ఆయుధాల రూల్స్‌లో 25వ రూలు ఇందుకోసమే ఉంది. యజమాని బతికుండగానే, ఆయనకి డెబ్బై నిండినా, ఆ ఆయుధం పాతికేళ్లుగా ఆయన దగ్గరున్నా వారసుడి పేరు మీదికి మార్చుకునే వీలు కూడా అందులో ఉంది. నాన్నకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నేను డీలరు దగ్గర పెట్టాను. కింద చెప్పబోయే పరిశీలనంతా ఆయన కొట్లో, ఆయన ఎదురుగా చేసిందే. "నూరేళ్ల నాటిది, పురాతన వస్తువు, లైసెన్స్ ఎందుకండీ" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పాతదై, రిపేరు చేసినా పేలనిదైతేనే చట్టం వదిలేస్తుంది. పేలేదానికి ఎన్నేళ్లయినా లైసెన్స్ కావాల్సిందే.

రివాల్వర్ కంటే ముందు ఇంట్లో కాగితాలు వెతకండి. తాతలనాటి లైసెన్సులు 1878 చట్టం కింద ఇచ్చినవి. అందులో ఆయుధం రకం, నంబరు రాసి ఉంటాయి. కొన్న బిల్లు, తూటాలు కొన్నప్పుడు లైసెన్స్ పుస్తకంలో డీలరు వేసిన ఎంట్రీలు కూడా పనికొస్తాయి. మాకు బాగా ఉపయోగపడినది ఇంకోటి: ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించి తెచ్చుకున్న రసీదులు. నాన్న వాటిని ఒక్కటీ పారేయలేదు, దారం కట్టి దాచారు. వాటిల్లో నంబరు ఒకలా, ఆఖరి లైసెన్స్ పుస్తకంలో ఇంకోలా ఉంది. ఏదో ఒక రెన్యూవల్‌లో 3ని ఎవరో 8గా ఎక్కించారు. మీకూ ఇలా కనబడితే ముందు అది దిద్దించుకోండి. ఆ ఒక్క అంకె కోసం నేను ఏడు నెలలు తిరిగాను.

ఇప్పుడు రివాల్వర్. మాది అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెసన్ చేసింది, .32 బోరు, 4¼ అంగుళాల బ్యారెల్, ఆరు గుళ్లది. ఎడమ పక్కన బొటనవేలికి అందే చిన్న బొత్తాం ఉంటుంది. దాన్ని ముందుకి నెడితే గుళ్లు పెట్టే సిలిండర్ ఎడమవైపుకి తెరుచుకుంటుంది. ఆరు గదుల్లోనూ వెలుతురు కనబడాలి. కనబడినా చిటికెనవేలు పెట్టి చూసుకోండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయొద్దు, డీలరుకి వదిలేయండి. ఇంగ్లండ్ కంపెనీ వెబ్లీ చేసిందైతే ఇలా పక్కకి రాదు, మధ్యలో మడత పడినట్టు బ్యారెల్ కిందికి వంగుతుంది.

ఇంకో మాట. తోమొద్దు. మా పిన్ని ఒకసారి దాన్ని ఇత్తడి చెంబు అనుకుందో ఏమో, చింతపండు ముద్దతో మొదలుపెట్టబోయింది. పాత నీలం పూతా, సన్నని ముద్రలూ ఒకసారి పోతే మళ్లీ రావు. వయసు చెప్పేవి అవే. నంబరు చెరిపితే అది నేరం కూడా. అక్షరాలు కనబడకపోతే టార్చిలైటు ఏటవాలుగా వేయండి. కొంచెం టాల్కం పౌడర్ అద్ది వేలితో తుడిస్తే గుంటల్లో తెల్లగా నిలుస్తుంది. ముగ్గుపిండి వాడకండి, గీరుతుంది. అయిపోయాక నూనె గుడ్డతో తుడిచేయండి. సంతకాలు పోల్చడానికి వాడిన నా పాత భూతద్దం ఇన్నాళ్లకి మళ్లీ పనికొచ్చింది.

నాన్న చదివిన తేదీ బ్యారెల్ పైభాగాన ఉంది. ఆయన ఆఖరి ముక్క ఒక్కటే చదివారు. వరసంతా చదివితే "పేటెంటెడ్" అన్న మాట తరవాత అయిదు తేదీలున్నాయి: 1901 అక్టోబర్ 8, 1901 డిసెంబర్ 17, 1906 ఫిబ్రవరి 6, 1909 సెప్టెంబర్ 14, 1914 డిసెంబర్ 29. ఒకే రివాల్వర్ అయిదు రోజులు పుట్టదు కదా. అవి లోపలి పనితనానికి కంపెనీ తీసుకున్న పేటెంట్ల తేదీలు. ఆ ముద్రతోనే ఏళ్ల తరబడి బ్యారెళ్లు తయారయ్యాయి. కాబట్టి పేటెంట్ తేదీ చెప్పేది ఒక్కటే: ఇది అంతకు ముందుది కాదు. ఎంత తరవాతిదో చెప్పదు. పాత రివాల్వర్ల వయసు విషయంలో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే.

ఇంకో పేటెంట్ తేదీ పిడి అడుగున దొరికింది. చెక్క మీద అరిగిపోయిన అక్షరాల్లో 1917 జూన్ 5. ఆ చెక్క ఇనప చట్రం కంటే కిందికి పొడుగ్గా దిగి, అడుగుని కప్పేస్తుంది. ఈ తరహాని కంపెనీ రెగ్యులేషన్ పోలీస్ అని పిలిచింది. 1917లో మొదలైన మోడల్ అది. కలెక్టరు దొర కథ అక్కడే కూలింది. 1914లో లేని రివాల్వర్‌ని ఏ దొర మాత్రం ఎలా ఇస్తాడు?

సీరియల్ నంబరు దగ్గర నేనూ పొరపాటు పడ్డాను. మామూలుగా స్మిత్ అండ్ వెసన్‌కి నంబరు పిడి అడుగున ఉంటుంది. దీనికి అడుగుని చెక్క కప్పేసింది. సిలిండర్ పక్కకి లాగినప్పుడు చట్రం సందులో ఒక నంబరు కనిపించింది, అదే రాసుకున్నాను. అది ఫ్యాక్టరీలో ముక్కలు జత కలపడానికి వేసుకున్న గుర్తు, సీరియల్ నంబరు కాదట. అసలుది పిడి ముందు అంచున, మన మధ్యవేలు ఆనే చోట ఉంది. అదే నంబరు సిలిండర్ వెనక ముఖం మీదా, బ్యారెల్ అడుగునా ఉండాలి. మూడూ కలిస్తే ముక్కలు మారలేదని అర్థం. సిలిండర్ నంబరు వేరేగా ఉంటే అది ఎప్పుడో మార్చింది. అప్పుడు వయసు చట్రానిదే చూడాలి.

ఇక 'ఇంతకు ముందుది కాదు' అనే కింది హద్దు పైకి జరపాలి, 'ఇంత తరవాతది కాదు' అనే పై హద్దు కిందికి దించాలి. చట్రం మీద "మేడ్ ఇన్ యూ.ఎస్.ఏ." అని ఒకే వరసలో ఉంది. ఈ మాట కొట్టడం ఇరవైల మొదట్లో మొదలైంది. 1948 తరవాత అది ఊరి పేరుతో సహా నాలుగు వరసలైంది. నాలుగు వరసలు ఉంటే మీది యుద్ధం తరవాతిది. సిలిండర్ తెరిచినప్పుడు ఆ సందులో మోడల్ నంబరు ఉంటే 1957 గానీ ఆ తరవాత గానీ. నంబరు ముందు వి అక్షరం, పిడి కింద తాడు కట్టుకునే రింగు ఉంటే రెండో యుద్ధంలో తయారైన విక్టరీ మోడల్ అయ్యుంటుంది.

మాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇచ్చింది అమెరికా ముద్ర కాదు, ఇంగ్లండ్ ముద్ర. బ్యారెల్ పక్కన చిన్న అక్షరాల్లో "నాట్ ఇంగ్లిష్ మేక్" అని ఉంది. ఇంగ్లండ్‌లో అమ్మే ప్రతి తుపాకీనీ ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేయాలి. లండన్‌లో ఆ పని 1637 నుంచి, బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి జరుగుతోంది. పరాయి దేశపు సరుకు మీద ఈ మూడు మాటలు వేసింది 1925 నుంచి 1955 వరకే. అంటే మా రివాల్వర్ అమెరికాలో పుట్టి, లండన్‌లో పరీక్ష పాసై, మద్రాసు మీదుగా గోదావరి జిల్లాకి వచ్చింది.

మీది వెబ్లీ అయితే పని ఇంకా తేలిక. వెబ్లీ అండ్ స్కాట్ అన్న పేరు ఉంటే 1897కి ముందుది కాదు. ఆ ఏడాదే వెబ్లీ, స్కాట్ కంపెనీలు కలిశాయి. కిరీటం కింద ఎన్‌పీ (నైట్రో ప్రూఫ్, పొగ రాని మందుతో చేసిన పరీక్ష ముద్ర) అక్షరాలుంటే 1904 గానీ ఆ తరవాత గానీ. "వార్ ఫినిష్" అని ఉంటే రెండో యుద్ధ కాలంది. నునుపు చేసే తీరిక లేక, కొనేవాడు తప్పు పట్టకుండా కంపెనీ ముందే కొట్టిన మాట అది. ఇంగ్లండ్ సర్కారు ఫ్యాక్టరీ ఎన్‌ఫీల్డ్ చేసిన సైన్యపు రివాల్వర్లకైతే ఏడాదే చెక్కి ఉంటుంది. బాణం గుర్తు కింద ఐ అక్షరం ఉంటే అది ఒకప్పుడు భారత ప్రభుత్వ సొత్తు. రెండు బాణాలు ముక్కూ ముక్కూ ఆనించి ఉంటే సర్కారు దాన్ని అమ్మేసిందని గుర్తు. ఆ రెండో గుర్తు లేకపోతే మీ తాతగారికి ఎలా వచ్చిందని ఎవరైనా అడగొచ్చు.

ఇంకా కచ్చితంగా కావాలంటే స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్‌కి ఫీజు కట్టి రాయండి. నంబరు, బోరు, బ్యారెల్ పొడవు, పూత రంగు, ఫొటోలు పంపాలి. పాత రిజిస్టర్లు చూసి ఉత్తరం ఇస్తారు. అందులో ఉండేది తయారైన రోజు కాదు, ఫ్యాక్టరీ నుంచి సరుకు బయటికెళ్లిన రోజు. గిడ్డంగిలో చేతికి అందింది ముందు పంపేవారు, అందుకని చిన్న నంబరు పెద్ద నంబరు తరవాత వెళ్లడమూ ఉంది. ఒక జాగ్రత్త: నంబరు కనబడే ఫొటోలు అడిగిన ప్రతివాడికీ పంపకండి.

మాకు వచ్చిన ఉత్తరంలో 1929 మార్చి, లండన్ వర్తకుడికి అని ఉంది. తాతయ్య మొదటి లైసెన్స్ కాగితంలో ఆయుధం ఎంట్రీ 1931. రెండూ అతికాయి. అదే పెట్టెలో వార్ ఫండ్ చందాకి సర్కారు ఇచ్చిన సనదు కూడా దొరికింది, 1917ది. సనదు నిజం, చందా నిజం. రివాల్వర్ మాత్రం పద్నాలుగేళ్ల తరవాత, మిల్లు పెట్టాక, ధాన్యం డబ్బు ఇంట్లో ఉంచుకోవాల్సి వచ్చి, సొంత డబ్బుతో కొన్నది. రెంటినీ కలిపి కథ కట్టింది ఎవరో తెలియదు గానీ నాకు మా నాయనమ్మ మీదే అనుమానం.

మా తమ్ముడు మాత్రం మనవళ్లకి ఇప్పటికీ 1914 అనే చెబుతున్నాడు. ఉత్తరం చూపిస్తే, "అమెరికా వాడికేం తెలుసక్కా, మన ఇంటి సంగతి" అన్నాడు.