వానలకి ముందు కాసిమేడు బోటువాళ్లకి: హార్బరు నోటి దగ్గర జాగ్రత్త

ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల) వానలు దగ్గరకొచ్చాయి. శ్రీకాకుళం నుంచో నెల్లూరు నుంచో వచ్చి, చెన్నై చేపల రేవు కాసిమేడులో కొత్తగా బోటెక్కిన కుర్రాళ్లు ఎప్పుడూ నడిసముద్రం అలల గురించే అడుగుతారు. నాకు భయం అక్కడ కాదు. రాయపురం దీపాలు కనపడి, ఫోనుకి సిగ్నల్ వచ్చాక బోటు నేల తన్నడం గురించి చెబుతాను.

గోథెబోర్గ్ అని స్వీడన్ దేశపు తెరచాప ఓడ ఉండేది. చైనా వెళ్లి, రెండున్నరేళ్ల తర్వాత టీ, పట్టు, పింగాణీ నింపుకుని 1745 సెప్టెంబరులో సొంత రేవు ముందుకొచ్చింది. ఇంకో కిలోమీటరు దూరం కూడా లేదు. దారి చూపే పైలట్ ఓడ మీదే ఉన్నాడు. అక్కడివాళ్లందరికీ తెలిసిన బండకే గుద్దుకుని మునిగింది. మనుషులు మాత్రం బతికారు. ఎందుకలా జరిగిందో ఇప్పటికీ వాదనలే. నేను ఈ కథ చెబితే మా పాత సరంగు (బోటు నడిపే పెద్ద), "అందరూ ఒడ్డున పెళ్లాం బిడ్డల్ని వెతుక్కుంటూ ఉంటారులే" అని కొట్టిపారేశాడు.

మద్రాసుకి అసలు సహజమైన రేవే లేదు. కంపెనీ రోజుల్లో ఓడలు దూరాన లంగరేస్తే, మసూలా పడవలు (అలలు దాటే నాటు పడవలు) సరుకు దించేవి. 1746లో ఊరిని పట్టుకున్న ఫ్రెంచివాళ్ల ఓడలు, ఆ అక్టోబరు తుఫానులోనే ఇక్కడ నాశనమయ్యాయి. హార్బరు గోడలు కట్టాక గండం పోయిందనుకుంటే, 1881 నవంబరు తుఫాను ఆ గోడల్నే కొట్టేసింది.

గోడల వల్ల ఇంకో తిరకాసు ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక ఒడ్డు వెంట ఉత్తరానికి నడుస్తుంది. హార్బరు గోడ దానికి అడ్డుపడింది కాబట్టే మెరీనా అంత వెడల్పయింది, రాయపురం వైపు కోసుకుపోయింది. ఈశాన్య గాలి మొదలైతే నడక దక్షిణానికి తిరుగుతుంది. అంటే ఆగస్టులో మీరు చూసిన లోతు నవంబరులో ఉండకపోవచ్చు. మా బోటు ఒకసారి ఇలాగే ఎక్కింది. రాత్రిపూట జీపీఎస్‌లో పాత ట్రాక్ పట్టుకుని వస్తున్నాం, లోతు చూపే ఎకో సౌండర్ వైపు ఎవరూ చూడలేదు. ట్రాక్ కరెక్టే, ఇసుకే జరిగింది. కాబట్టి సీజన్ మొదట్లో పట్టపగలు, మెల్లగా, లోతు చూసుకుంటూ ఒకసారి వచ్చి కొత్త ట్రాక్ పెట్టుకోండి. సౌండర్ మీద నమ్మకం లేకపోతే తాడుకి సీసం గుండు కట్టి బారలు లెక్కపెట్టండి, నామోషీ ఏమీ లేదు.

చెన్నైలో పోటుకీ పాటుకీ తేడా పున్నమి, అమావాస్యలకి కూడా మీటరు అటూ ఇటూ, అంతే. నిండు పోటు మీద లోపలికి వస్తే సుఖం అనుకుంటారు. పున్నమి నిండు పోటు మీద మేటెక్కారనుకోండి, ఆ తర్వాత వచ్చే పోట్లు రోజురోజుకీ తగ్గుతాయి, అమావాస్య దాకా కూర్చోవాల్సి రావచ్చు. పోటు ఇంకా పెరుగుతుండగా రండి. తగిలినా నీళ్లే లేపుతాయి.

తగిలితే మొదట ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టండి. టెన్షన్‌లో అందరూ చేసేది రివర్స్ వేసి రేజ్ చేయడం. దాంతో ఇసుక నీళ్లు కూలింగ్ పైపులోకి పోయి ఇంజనే పట్టేస్తుంది. వెంటనే ఒకరు కిందికి దిగి అడుగున నీళ్లు ఊరుతున్నాయేమో చూడాలి. కన్నం పడితే అది పూడ్చేదాకా లాగించొద్దు. ఇసుక మీద నిలబడ్డ బోటుని కన్నంతో లోతుకి లాగితే అక్కడ మునుగుతుంది. ఈలోపు చిన్న ఫైబర్ పడవలో లంగరు పంపి లోతు వైపు వేయించి తాడు బిగించండి, అల మిమ్మల్ని ఇంకా పైకి తోయకుండా. వేరే బోటు లాగేటప్పుడు తాడుకి ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వద్దు. తెగిన తాడు కాళ్లు విరగ్గొడుతుంది.

తుఫాను హెచ్చరిక జెండా ఎత్తాక బయట లంగరేసి ధైర్యంగా ఉండటం వేరే పిచ్చి. తప్పనప్పుడు గొలుసైతే లోతుకి ఐదింతలు, తాడైతే ఏడింతలు వదలండి, గాలి పెరిగితే ఇంకా. ఒడ్డున రెండు దీపాల్ని ఒకే వరసలో చూసుకోండి. ఆ రెండూ విడిపోతుంటే లంగరు ఈడుస్తున్నట్టే.

2012 అక్టోబరు 31న నీలం తుఫానులో ప్రతిభా కావేరి అనే ట్యాంకరు అలాగే లంగరు పట్టు తప్పి బెసంట్ నగర్ ఒడ్డున ఎక్కింది. లైఫ్ బోటులో దిగినవాళ్లలో ఆరుగురు చనిపోయారు. ఓడలోనే ఉండిపోయినవాళ్లని హెలికాప్టరు క్షేమంగా తెచ్చింది. బోటు ముక్కలవుతుంటేనో, మునుగుతుంటేనో తప్ప అలల్లోకి దిగొద్దు. జాకెట్ వేసుకుని పైన ఉండండి. వీహెచ్ఎఫ్ రేడియోలో చానల్ 16 మీద పిలవండి, ఫోను పనిచేస్తే కోస్ట్ గార్డుకి 1554. ఆ నంబరు ఇవాళే పెయింటుతో స్టీరింగ్ దగ్గర రాసి పెట్టండి. కాగితం అంటిస్తే మొదటి వానకే పోతుంది.