‘డిసగ్రీయబుల్’ అని రాశారా? అర్జీ వెనక్కి తెప్పించండి

సమస్య: మార్చి నెలాఖరుకే కాలువలు కట్టేస్తే దాళ్వాకి చివరి తడి అందదని, మా శివారు రైతుల తరఫున బాబాయి ఇంగ్లీషులో అర్జీ రాశాడు. మధ్యలో ఒక వాక్యం: ‘వుయ్ ఆర్ డిసగ్రీయబుల్ టు దిస్ డేట్’. ఈ తేదీకి ఒప్పుకోం అని ఆయన ఉద్దేశం. చదివే ఇంజనీరుకి మాత్రం ‘మేం చిరాకు మనుషులం’ అన్నట్టు వినిపిస్తుంది.

కారణం: ఎగ్రీ అంటే ఒప్పుకోవడం కాబట్టి ముందు డిస్, వెనక ఏబుల్ తగిలిస్తే ‘ఒప్పుకోని’ అవుతుందనుకుంటాం. పైగా ‘వుయ్ ఆర్ ఎగ్రీయబుల్ టు దిస్ డేట్’ అంటే తప్పు కాదు. చిక్కంతా అక్కడే. ఎగ్రీయబుల్‌కి ‘సమ్మతమే’ అనీ, ‘ఇంపైన’ అనీ రెండర్థాలు. డిసగ్రీయబుల్‌కి వాడుకలో మిగిలింది రెండోదానికి ఎదురు మాత్రమే: కసురుకునే, ఎవరికీ పడని, వెగటు పుట్టించే. చేపల చెరువు మురిగితే వచ్చే కంపు కూడా డిసగ్రీయబులే. కంపుకి అభిప్రాయం ఏముంటుంది చెప్పండి?

పరిష్కారం: విశేషణం వదిలేసి క్రియతో రాయండి. ‘వుయ్ డు నాట్ ఎగ్రీ టు దిస్ డేట్’. ప్రతిపాదనకైతే ‘టు’, మనిషితో అయితే ‘విత్’.

విశేషణమే కావాలంటే డిసెంటింగ్ ఉంది. ఎక్కువమంది ఒకవైపు తేల్చాక విడిగా నిలబడ్డ మాటకి అది వాడతారు. నామవాచకం ముందు పెట్టాలి: డిసెంటింగ్ మెంబర్, డిసెంటింగ్ ఒపీనియన్. మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు 1962లో ఖరక్ సింగ్ కేసులో, గోప్యత కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని మెజారిటీతో విభేదించి రాసింది డిసెంటింగ్ జడ్జిమెంట్. 2017లో తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు బెంచి ఆయన మాటే సరైనదంది. దాన్ని డిసగ్రీయబుల్ జడ్జిమెంట్ అన్నారో, చదివితే ఒళ్ళు మండే తీర్పు అని అర్థం మారిపోతుంది.

ఇంకో చిన్న తంటా. మీటింగు మినిట్స్‌లో ‘డిసెంట్ నోట్’ అని నేను రాసిస్తే టైపు చేసిన కుర్రాడు ‘డీసెంట్ నోట్’ చేశాడు. డిసెంట్‌కి ఇంగ్లీషులో రెండు ఎస్సులు, పలికేటప్పుడు ఊనిక ‘సెంట్’ మీద. మర్యాదకి వాడే డీసెంట్‌లో ‘సి’ ఉంటుంది, ఊనిక ‘డీ’ మీద.

దిద్దమంటే బాబాయి, ‘ఉండనీరా అబ్బాయ్, మర్యాదగానే రాశాంగా’ అన్నాడు.